జాకెట్టు 36 అయితే బ్రా 36 కాదు

ఇండియా నుంచి ఎవరైనా వస్తున్నారంటే ఫోన్లో చెప్పే జాబితాలో ఆవకాయ, కందిపొడి అయ్యాక, గొంతు తగ్గించి చెప్పే వస్తువు ఒకటుంటుంది: "నాలుగు బ్రాలు, కాటన్‌వి, 36." ఆ 36 ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే చాలామంది దగ్గర వచ్చే జవాబు ఒకటే. జాకెట్టు కుట్టే దర్జీ పుస్తకంలో రాసుకున్న అంకె అది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

దర్జీ రాసుకున్న 36 ఛాతీ ఎత్తుగా ఉన్నచోట తీసిన చుట్టుకొలత. బ్రా లేబుల్ మీది 36 రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ పట్టే పట్టీది. 36 జాకెట్టు వేసుకునే ఆవిడకి కింద చుట్టుకొలత 32 ఉందనుకోండి. ఆవిడకి నప్పేది 32డి. కొంటున్నది 36బి. విచిత్రమేమిటంటే 32డి, 34సి, 36బి మూడింటిలోనూ కప్పు పరిమాణం ఇంచుమించు ఒక్కటే. అందుకే అద్దంలో ముందు నుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. వెనక పట్టీ మాత్రం నాలుగు అంగుళాలు వదులు. బరువులో ఎక్కువ భాగం ఆ పట్టీ మొయ్యాలి. అది వీపు మీద పైకి పాకిపోతే ఆ బరువంతా భుజాల మీది స్ట్రాపులకి పడుతుంది. సాయంత్రానికి భుజాల మీద తేలే ఎర్రటి గాట్లని మనం వయసు ఖాతాలో రాసేస్తున్నాం.

"డీయా? అంత పెద్దదా?" అని ఉలిక్కిపడేవాళ్ల కోసం ఒక మాట. డి అన్నది తనంతట తాను ఏ సైజూ కాదు. పై కొలతకీ కింద కొలతకీ నాలుగు అంగుళాల తేడా ఉందని చెప్పే గుర్తు, అంతే. ఒక అంగుళం ఎ, రెండు బి, మూడు సి, నాలుగు డి, అయిదు డీడీ. ఆ తర్వాత దేశాలు దారి మారుస్తాయి: ఆరు అంగుళాల తేడాని అమెరికా లేబుల్ డీడీడీ అంటే, బ్రిటన్ లేబుల్ ఇ అంటుంది. యూరప్‌లో పట్టీ సెంటీమీటర్లలో ఉంటుంది, అక్కడి 75 మన 34.

కొలిచే ముందు టేపుని స్కేలు పక్కన పెట్టి చూడండి. ఏళ్లుగా కుట్టుపెట్టెలో పడున్న టేపు సాగిపోయి ఉండొచ్చు. ప్యాడింగ్ లేని పల్చటి బ్రాతోనో, అసలు లేకుండానో అద్దం ముందు నిలబడి, రొమ్ముల కింది మడతకి ఆనించి టేపు చుట్టండి. వీపు మీద అది పైకి పోకూడదు. ఊపిరి వదిలి, ఒంటిని గట్టిగా పట్టేలా లాగి చదవండి. 33 లాంటి బేసి అంకె వస్తే 32, 34 రెండూ వేసి చూడాల్సిందే. కొన్ని చార్టులు ఈ కొలతకి ఇంకో 4, 5 కలపమంటాయి. కలపొద్దు. ఎలాస్టిక్ ఎలాగూ సాగుతుంది, దానికి మళ్లీ మనం వదులు చేర్చడం దేనికి?

పై కొలత రెండుసార్లు తియ్యాలి. నిటారుగా నిలబడి ఒకసారి, నడుం వంచి వీపు బల్లలా సమంగా పెట్టి ఇంకోసారి, రెండుసార్లూ టేపు నొక్కకుండా. కాన్పుల తర్వాత, వయసు పెరిగేకొద్దీ రొమ్ము మెత్తబడి కిందికి జారుతుంది. నిలబడి కొలిస్తే అందులో కొంత టేపుకి దొరకదు. 35, 37 వస్తే 36 లెక్కేసుకోండి. నెలసరి ముందు వారంలో కొలిస్తే కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఈ లెక్క కొట్లో ఏ అరలో వెతకాలో చెబుతుంది, అంతవరకే. తీర్పు ఒంటి మీద వేశాకే. కొత్త బ్రాని చివరి, అంటే బాగా వదులు హుక్కుల వరసలో పెట్టుకోండి. నెలలు గడిచి పట్టీ సాగాక లోపలి వరసలు పనికొస్తాయి. ముందుకి వంగి, చంక వైపు నుంచి రొమ్ముని చేత్తో కప్పులోకి తెచ్చుకోండి. చాలామంది ఈ పని చెయ్యరు, చెయ్యకుండానే కప్పు పెద్దదైందనుకుంటారు. రొమ్ముల మధ్య ముక్క ఎముకకి ఆనాలి. అది గాల్లో తేలినా, పై అంచు మీంచి రొమ్ము పొంగినా, కప్పు అడుగున ఉండే వైరు చంక కింద మెత్తటి చోట గుచ్చుకున్నా కప్పు చిన్నది. చేతులు పైకెత్తగానే పట్టీ లేస్తే పట్టీ పెద్దది.

సరైన బ్రా వేశాక పాత జాకెట్లు కొన్ని ముందువైపు ముడతలు పడతాయి. రొమ్ము పైకి వచ్చింది, జాకెట్టు ముందువైపు కుట్టిన మడతలు, అంటే డాట్లు మాత్రం పాత చోటే చూస్తున్నాయి. కాబట్టి ఈసారి ఊరెళ్లే చుట్టాలతో ఆది జాకెట్టు పంపేటప్పుడు, కొత్త బ్రా వేసుకుని భుజం నుంచి పాయింట్ దాకా, అంటే రొమ్ము మొన దాకా ఎన్ని అంగుళాలో కొలిచి, ఆ అంకె చీటీ మీద రాసి జాకెట్టుకి పిన్నుతో గుచ్చండి. లేకపోతే దర్జీ పాత కొలతే నమ్మకంగా మళ్లీ కుట్టి పంపిస్తాడు.