అట్లకాడా, ఆరున్నర అంగుళాల స్పీకరూ

మేముండేది పటమట. పొద్దున్నే వాకింగ్‌కని బయల్దేరితే ఆటోనగర్ గేటు దాకా వెళ్ళి టీ తాగి వెనక్కి రావచ్చు. ఆ గేటు లోపల లారీకి బాడీ మొత్తం కట్టి ఇచ్చేవాళ్ళున్నారు, ఇంజను బోరు కొట్టేవాళ్ళున్నారు, కమాన్‌కట్టలు మార్చేవాళ్ళున్నారు, హారన్లు తప్ప ఇంకేదీ ముట్టుకోనివాళ్ళు కూడా ఉన్నారు. ఇంతమందిని కాదని మా ఆయన ఆదివారం పూట అపార్ట్‌మెంట్ సెల్లార్లో చాప పరుచుకుని కారు తలుపులు విప్పడానికి కూర్చున్నారు. కారణం 1200 రూపాయలు.

"నాలుగు డోర్లకీ స్పీకర్లు బిగించడానికి లేబర్ పన్నెండొందలట! నాలుగు స్క్రూలు తిప్పడానికి!"

స్పీకర్లకి 5000 పోసినప్పుడు కనురెప్ప కూడా వెయ్యని మనిషికి లేబర్ దగ్గర పౌరుషం వచ్చింది. మగవాళ్ళ పొదుపంతా ఇంతే. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరం.

అసలు కొత్త స్పీకర్లు ఎందుకంటే, పాతవాటి కాగితపు కోన్లు పెళుసెక్కి చిరిగాయి. పాటలో కాస్త గట్టి దెబ్బ పడిందంటే చాలు, బుర్రుమనేవి. మా మామగారికి మాత్రం ఆ చప్పుడుతో పేచీ లేదు. ఆయన కార్లో వినేది వార్తలే. "1948లో మన బెజవాడలో రేడియో స్టేషన్ పెట్టారు. అప్పట్నుంచి ఊరంతా ఒక్క స్పీకర్‌తోనే విన్నాం. ఇప్పుడు నలుగురు మనుషులకి నాలుగు స్పీకర్లా? ఎవరి వార్తలు వాళ్ళు వింటారా?" అన్నారు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

"వీడియో చూశాను. డోర్ ప్యాడ్, అదే తలుపు లోపలి పలక, తియ్యడం అరటిపండు ఒలిచినట్టేనట," అన్నారు మా ఆయన.

"ఆ వీడియోలో కారూ మన కారూ ఒకటేనాండీ?"

"తలుపు తలుపేనే."

మొదట స్క్రూలు వెతకాలి. తలుపు వేసుకోవడానికి చెయ్యి పెట్టే గుంటలో, ఓ చిన్న ప్లాస్టిక్ మూత కింద ఒకటి. లోపలి హ్యాండిల్ లాగితే దాని వెనక ఒకటి. ప్యాడ్ అంచున, వంగి తల కిందికి పెడితే తప్ప కనపడకుండా ఇంకొకటి. కారు కంపెనీవాళ్ళు స్క్రూలు దాచినంత గడుసుగా మా అత్తయ్యగారు పోపులడబ్బాలో డబ్బులు కూడా దాచలేరు. మా ఆయన కనపడిన స్క్రూలన్నీ తీసి, కనపడనివి లేవని తీర్మానించి, ఇక లాగడమే అన్నారు.

లాగడానికి ఇనుప స్క్రూ డ్రైవర్ పెడితే తలుపు పెయింట్ గీరుకుపోతుంది. వీడియోలో అబ్బాయి చేతిలో ప్లాస్టిక్ బద్ద ఉంది. మా ఇంట్లో అలాంటిది లేదు. "అమ్మా, ఆ చెక్క అట్లకాడ ఓసారి ఇవ్వవే," అని పైకి కేకేశారు. నాన్‌స్టిక్ పెనం గీతలు పడకుండా అత్తయ్యగారు కొండపల్లి వెళ్ళినప్పుడు ఏరి కొనుక్కున్న అట్లకాడ అది. కొడుకు అడిగితే ఆవిడ ఇవ్వనిదేముంది, అందునా అట్టు కోసమేమోననుకున్నారు.

అట్లకాడని ప్యాడ్‌కీ తలుపుకీ మధ్య సందులో దూర్చి ఎత్తితే క్లిప్పు టప్‌మని ఊడుతుంది. అలా చుట్టూతా పోవాలి. అయితే ఆ క్లిప్పులు ప్లాస్టిక్‌వి. బెజవాడ ఎండల్లో ఏళ్ళ తరబడి నిలబడ్డ కారు క్లిప్పు టప్‌మనదు, పుటుక్కుమంటుంది. తల ప్యాడ్‌కి ఉండిపోతుంది, ఒళ్ళు తలుపు కన్నంలో ఉండిపోతుంది. ఒక్కో పుటుక్కుకీ మా ఆయన "ఆ, వచ్చేసింది" అంటున్నారు. వాచ్‌మన్ పక్కన కూర్చుని ముక్కలు ఏరి కప్పులో వేస్తున్నాడు.

కింద ఫ్లాట్లో కరెంటాఫీసులో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, రిటైరైన పెద్దాయన ఉంటారు. బనీను మీదే వచ్చి, "బ్యాటరీ నెగటివ్ వైరు తీశావా బాబూ?" అన్నారు. తియ్యలేదు. తీశారు. "ప్యాడ్ పైకి ఎత్తి తియ్యాలి, నీ వైపుకి లాక్కూడదు. గ్లాసు అంచుకి కొక్కెంలా పట్టుకుని ఉంటుంది." అప్పటికే లాగేశారు. లోపల దాక్కున్న స్క్రూ కూడా అప్పుడే, తన చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని వెంటబెట్టుకుని బయటికొచ్చింది.

ప్యాడ్ ఊడిందంటే పని అయినట్టు కాదు. పవర్ విండో స్విచ్చి వైరు ఒకవైపు, లోపలి హ్యాండిల్ కేబుల్ ఒకవైపు పట్టుకుని ప్యాడ్ అలా వేలాడుతోంది. "పట్టుకో, పట్టుకో!" నేను పట్టుకున్నాను. ఆ కేబుల్ చివర చిన్న గుండు ఉంటుంది, హ్యాండిల్ వెనక గాడిలో కూర్చుంటుంది. పక్కకి తిప్పితే కానీ రాదు. చెయ్యి పట్టనంత సందు. మా ఆయన చేత్తో తడుముతుంటే నేను ప్యాడ్ మోకాళ్ళ మీద పెట్టుకుని, శ్రావణమాసపు ఉక్కలో చెమటలు కారుస్తూ, ఆ గుండు గాడిలోంచి ఎలా జారిందో బాగా చూసి పెట్టుకున్నాను. తరవాత ఆ చూడటమే పనికొచ్చింది.

ప్యాడ్ వెనక తలుపంతా పరిచి పాలిథిన్ కవరు, అంచుల వెంట నల్లటి జిగురు. "అది పీకకు బాబూ," అన్నారు ఏఈ గారు. "వానపడితే గ్లాసు పక్కనుంచి నీళ్ళు తలుపులోకే దిగుతాయి. అడుగున కన్నాలుంటాయి, వాటిలోంచి రోడ్డు మీదికి పోతాయి. ఈ కవరు లేకపోతే కార్లోకొస్తాయి."

"దుమ్ముకి వేసుంటార్లెండి," అని మా ఆయన సర్రున పీకేశారు. వీడియోలు చూసినవాళ్ళకి రిటైరైన ఇంజనీర్లంటే చిన్నచూపు. ఆ జిగురు ముందు ఆయన చేతికంటింది, తరవాత లుంగీకి, చాపకి, మంచినీళ్ళ సీసాకి. మర్నాడు లిఫ్టులో మూడో నంబరు బటన్ మీద నల్లటి వేలిముద్ర ఎవరిదని అసోసియేషన్ ప్రెసిడెంటు ఆరా తీశారు. మూడో ఫ్లోర్లో మాది కాక ఇంకో ఫ్లాటు కూడా ఉంది కాబట్టి నేను మాట్లాడలేదు.

వైర్ల దగ్గర మళ్ళీ ఏఈ గారే దిక్కయ్యారు. ఎర్రది ప్లస్సు, నల్లది మైనస్సు అనుకుంటే ఇక్కడ ఆ రెండు రంగులూ లేవు. "గోడ గడియారంలోంచి సెల్లు తీసుకురా అమ్మాయ్," అన్నారు. పాత స్పీకరు వైరు ఊడబీకి, స్పీకరు రెండు కొసలకీ ఒకటిన్నర వోల్టుల సెల్లు ఇలా ముట్టించి అలా తీశారు. కోను ఠక్కుమని ముందుకి ఉబికింది. "ముందుకొచ్చిందంటే సెల్లు ప్లస్సు తగిలిందే స్పీకరు ప్లస్సు. దానికొచ్చే వైరు రంగు రాసుకో. వెనక్కి పోతే అది తిరగేసినట్టు." నాకైతే ముచ్చటేసింది. మా ఆయన డ్రైవరు వైపు తలుపుకి అలాగే చూసి, నా వైపు తలుపుకి మాత్రం అదే రంగు ఉంటుందిలే అని తగిలించేశారు. ఒక్కో తలుపుకి ఒక్కో జత రంగులుంటాయని ఏఈ గారు చెప్పేవారే, కానీ అప్పటికాయన్ని భోజనానికి పిలిచారు.

వెనక తలుపులకి పవర్ విండోలు లేవు, చేత్తో తిప్పే హ్యాండిల్. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో ఓ స్ప్రింగు క్లిప్పు. హ్యాండిల్‌కీ ప్యాడ్‌కీ మధ్య గుడ్డ దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే గుడ్డ పోగు క్లిప్పుకి తగులుకుని లాక్కొస్తుంది. ఇది నిజంగానే మంచి కిటుకు. ఆ గుడ్డ మామగారి మంగళగిరి కండువా కాకపోయుంటే ఇంకా మంచి కిటుకు. క్లిప్పు టింగుమని ఎగిరి ఎటో పోయింది. వాచ్‌మనూ వాడి కొడుకూ టార్చీలు వేసి సెల్లారంతా వెతికారు. క్లిప్పు తప్ప అన్నీ దొరికాయి, కిందటి దీపావళి నాటి చిచ్చుబుడ్డితో సహా.

సాయంత్రానికి అన్నీ బిగించారు. విరిగిన క్లిప్పుల స్థానంలో డబుల్ టేపు వేశారు. అట్లకాడ నాలుగో తలుపు దగ్గర విరిగింది, ఆ సంగతి పైకి చెప్పలేదు. పాట పెట్టారు. గొంతు ఖంగుమంటోంది, చిడతలు ఖంగుమంటున్నాయి, డోలు మాత్రం ఎక్కడా లేదు. ముందున్న రెండింటిలో ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది కదా, చెల్లుకు చెల్లు. మా ఆయన కాసేపు విని, "క్లారిటీ చూశావా?" అన్నారు.

తరవాతి ముహూర్తానికి గుంటూరు బ్రాడీపేటలో పెళ్ళి. అందరం పట్టుబట్టల్లో బయల్దేరాం. వారధి దాటాం, మంగళగిరి దాటాం, కాజ టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ చదవలేదు. బూత్‌లో కుర్రాడు ఏదో అంటున్నాడు. మా ఆయన గ్లాసు దించే స్విచ్చి నొక్కారు. నాలుగు వేళ్ళ మేర దిగి టక్‌మని ఆగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ టక్. కొత్త స్పీకరు వెనక అయస్కాంతం పాతదానికంటే లావు, లోపల దిగే గ్లాసు దాని నెత్తిన కూర్చుంటోంది.

ఆ నాలుగు వేళ్ళ సందుకి నోరు ఆనించి, "బ్యాలెన్స్ ఉంది బాబూ!" అని అరిచారు. ఫోన్లో చూపిద్దామని సందులోంచి చాపితే ఫోను అవతలికి జారి రోడ్డు మీద పడింది. దిగుదామని లోపలి హ్యాండిల్ లాగారు. అది ఏ అడ్డూ లేకుండా హాయిగా ఊగింది. కేబుల్ గుండు గాడిలో కూర్చోలేదన్నమాట. వెనక నుంచి లారీ హారను. "ఉండరా, నేను దిగుతా," అని మామగారు గ్లాసు దించి బయటి హ్యాండిల్ అందుకుందామని తిప్పబోయారు. క్లిప్పు లేని హ్యాండిల్ చేతిలోకొచ్చేసింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పంచాంగం పట్టుకున్నంత పదిలంగా ఒళ్ళో పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే, ఎండకి టేపు మెత్తబడి, అటువైపు డోర్ ప్యాడ్ అత్తయ్యగారి ఒళ్ళోకి ఒరిగింది.

నా వైపు తలుపు మాత్రం తెరుచుకుంది. ఆ కేబుల్ తగిలించింది నేను కాబట్టి. పట్టుచీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని కారు చుట్టూ తిరిగి, ఫోను తీసి, మా ఆయన్ని బయటినుంచి తలుపు తీసి విడిపించాను. బూత్ కుర్రాడు మెషీన్ ఇంకోసారి పెట్టాడు, ఫాస్టాగ్ చదివేసింది. గేటు లేచింది. "పర్లేదు మేడమ్, వెళ్ళండి," అన్నాడు ఆయన్ని చూడకుండా.

తిరుగు ప్రయాణంలో వాన. ఏఈ గారు చెప్పింది చెప్పినట్టు జరిగింది. నీళ్ళు ముందు తలుపు అంచు వెంట బొట్లుగా మొదలై, మ్యాట్ కిందికి చేరి, తాడేపల్లి వచ్చేసరికి వెనక మామగారి పాదాల దగ్గరికొచ్చాయి. ఆయన పంచె మోకాళ్ళ పైకి ఎగదోసుకుని, "ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తారని వార్తల్లో చెప్పారా? నాకు సరిగ్గా వినపడలేదు," అన్నారు.

మర్నాడు ఆటోనగర్. అత్తయ్యగారు కూడా వస్తానన్నారు, ఈసారి తన కళ్ళతో చూస్తానని. షాపు కుర్రాడు చేతిలో పచ్చటి ప్లాస్టిక్ బద్ద పట్టుకుని ఒక్కో ప్యాడూ పైకెత్తి ఇట్టే తీసి గోడకి ఆనించాడు. "స్పీకరు కొనకముందే గ్లాసు పూర్తిగా దించి లోతు కొలుచుకోవాలి సార్. ఇప్పుడు రింగు వెయ్యాలి," అని స్పీకరుకీ తలుపుకీ మధ్య అర అంగుళం మందం రింగు వేసి బయటికి జరిపాడు. కొత్త క్లిప్పులు కొట్టాడు, నా వైపు వైర్లు తిరగేశాడు, కొత్త పాలిథిన్ పరిచి పాత జిగురుకే అదిమి అంటించాడు. డోలు మోగింది. మామగారు ఉలిక్కిపడ్డారు.

డ్రైవరు తలుపు అడుగున చెయ్యి పెట్టి కుర్రాడు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. క్లిప్పు ముక్కలు, ఒక స్క్రూ, గడియారం సెల్లు, ఆఖర్న చెక్క ముక్క. అత్తయ్యగారు ఆ ముక్కని గుర్తుపట్టారు. కొడుకు వైపు చూడలేదు. కుర్రాడి చేతిలో బద్ద వైపు చూశారు.

"ఇదెక్కడ దొరికిద్ది నాయనా? సన్నగా, బాగుంది. అట్లకి పనికొచ్చిద్దిగా?"

"దీన్ని పెనం మీద పెడితే కరిగిపోయిద్ది అమ్మగారూ. ఇది కారుకే."

"నీకు తెలిసింది," అన్నారు అత్తయ్యగారు. "మావాడు బీటెక్కు."