తాళ్లకొండపాడుకు సువార్త ఎవరు తెచ్చారు?

ఒంగోలు వైపు క్రైస్తవం ఎలా వచ్చిందని అడిగితే చాలామంది నోట వచ్చే పేరు క్లౌ దొర. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతీ చెబుతారు. యర్రగుంట్ల పేరయ్య పేరు మాత్రం ఎవరో అడిగితే తప్ప రాదు.

పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరికి తిరిగొచ్చాడు. భార్యతో కలిసి తనవాళ్లకే చెప్పుకుంటూ తిరిగాడు. మరుసటి జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి, కొన్ని రోజులకు సరిపడా తిండి మూటగట్టుకుని దాదాపు 200 మంది చింతతోపులో ఎదురుచూస్తున్నారు. ఐదు రోజుల తర్వాత వాళ్లలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర వెళ్లింది కోతకి. విత్తింది పేరయ్య.

1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యకు ఈ కిటుకు బాగా తెలుసు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట పలికించేవాడు. కూలికి వెళ్లే మనిషి చేత కూడా. సువార్త పని జీతం తీసుకునే పాస్టరుది కాదు, నీది అని చెప్పడమే అది.

ఇప్పుడు ఆ పని మైకుకి అప్పగించేశాం. మా వీధిలో ఉపవాస ప్రార్థన రోజున రెండు బాక్సులు పెడతారు. ఎదురింట్లో ఇంటర్ చదివే పిల్ల కిటికీ వేసుకుంటుంది. (నేనూ వేసుకుంటాను, నేను సంఘస్థుణ్ణే అయినా.) బైబిల్లో పేతురు రాసిన లేఖ అడిగినవాడికి సాత్వికంతో జవాబు చెప్పమంది. అడిగే సందు ఎక్కడిస్తున్నాం?

క్లౌ చేసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చేది బాప్తిస్మాలు ఆపడం. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలు. పని మధ్యలో కూలీలు సేదతీరేటప్పుడు యేసు గురించి మాట్లాడేవాళ్లు. అయినా పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని. కాలువ పని అయిపోయాకే గుండ్లకమ్మ రేవు నిండింది. అన్నం పెట్టిన చెయ్యిని జనం మర్చిపోరు కాబట్టి ఆ అనుమానం పూర్తిగా పోయిందని నేననను. కానీ క్లౌ ఆ అనుమానాన్ని పట్టించుకున్నాడు. ఇవాళ వరదొస్తే బియ్యం సంచీ ఇస్తూ దిగే ఫొటోలోనే, సంచీ మీద బైబిలు కూడా పెట్టి నిలబడుతున్నాం.