ఒకటింబావు కారు

హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో కోర్టుకి రెండు వీధుల అవతల ఉండే పార్కింగ్ లాటు ఇక లేదు. ఈ కబురు పేపర్లో రాలేదు, వస్తుందని నేనూ అనుకోలేదు. కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు జనంలో ఒకడిగా జ్యూరీ డ్యూటీకి రమ్మని సమన్లు వస్తే, అలవాటు కొద్దీ పొద్దున ఏడింటికి కారు అటు తిప్పాను. లాటు ఉండాల్సిన చోట ఆకుపచ్చ గుడ్డ కట్టిన కంచె, కంచె వెనక మూడు నిలువుల గొయ్యి, గొయ్యిలో ఒక క్రేను. కంచె మీద రాబోయే బిల్డింగు బొమ్మ వేశారు. బాల్కనీలో ఒక అమ్మాయి, చేతిలో కాఫీ కప్పు, కాళ్ల దగ్గర కుక్కపిల్ల. లెక్క కడితే ఆ అమ్మాయి నిలబడ్డది సరిగ్గా నా కారు పెట్టే చోటికి నెత్తిన.

బ్లింకర్లు వేసి ఒక్క నిమిషం ఆగాను. వెనకాయన హారన్ కొట్టాడు. ఈ దేశంలో సంతాపానికి ఇచ్చే టైమ్ అంతే.

అంతగా ఏడవడానికి అక్కడ ఏముండేది అని మీరు అడగొచ్చు. ఏమీ ఉండేది కాదు. పగుళ్లిచ్చిన తారు, వెలిసిపోయిన తెల్ల గీతలు, పగుళ్లలో మొండిగా మొలిచిన గడ్డి. ఇరవై ఏళ్ల కిందట నేను ఈ ఊరికి వచ్చినప్పుడు ఒక మూల ఇనప డబ్బా ఉండేది. దాని నిండా నంబర్లు వేసిన సన్నటి సందులు. కారు ఏ నంబరు గీతల మధ్య పెడితే ఆ నంబరు సందులో డబ్బులు వెయ్యాలి. వెయ్యడం అంటే మామూలు విషయం కాదు. డాలరు నోటుని ఎనిమిది మడతలు పెట్టి, చిల్లపెంకు అంత చేసి, కారు తాళం కొసతో లోపలికి నెట్టాలి. ఐదు నోట్లు నెట్టేసరికి మీటింగు మొదలైపోయేది. తర్వాత డబ్బా పోయి యాప్ వచ్చింది. యాప్ వచ్చాక మడతలు పెట్టే పని తప్పింది, పాస్‌వర్డ్ మర్చిపోయే పని వచ్చింది.

బేస్‌బాల్ మ్యాచ్ ఉన్న సాయంత్రాల్లో ఒక పెద్దాయన మడత కుర్చీ వేసుకుని, నారింజ రంగు జెండా ఊపుతూ కూచునేవాడు. ఒళ్లో ఒక అట్ట. అట్టకి ఒకవైపు 20, రెండోవైపు 40. వీధిలో కార్లు బారు తీరడం చూసి అట్ట తిప్పేవాడు. దీనికి మా ఆఫీసులో డైనమిక్ ప్రైసింగ్ అని పేరు, ఒక టీమ్, టీముకి ఒక మేనేజరు. ఆయనకి అట్ట చాలింది.

మా నాన్న మొదటిసారి తెనాలి నుంచి వచ్చినప్పుడు డౌన్‌టౌన్ చూపిద్దామని తీసుకెళ్లాను. డెబ్బై అంతస్తుల మేడలు చూపిస్తే ఆయన వాటి వంక చూడలేదు. మేడకీ మేడకీ మధ్య ఉన్న ఖాళీ జాగాల దగ్గర ఆగిపోయారు.

"ఇదేంట్రా, ఊరి నడిబొడ్డున ఇంత స్థలం వదిలేశారు? లిటిగేషనా?"

"కాదు నాన్నా, పార్కింగ్."

"మరి ఆ పక్కది?"

"అదీ పార్కింగే."

"అన్నదమ్ముల తగాదా ఏమన్నా ఉందేమో కనుక్కో. గజం ఎంతుంటుంది?"

తెనాలి బోసు రోడ్డులో మనిషి పక్కకి తిరిగి నడిస్తే గానీ దుకాణంలోకి పోలేని చోట అరవై ఏళ్లు బతికిన మనిషికి, నడిబొడ్డు ఖాళీగా ఉందంటే కోర్టు కేసు తప్ప ఇంకో కారణం తోచదు. కాబట్టి ఓపిగ్గా చెప్పాను. ఇక్కడ 1970ల్లో చమురు డబ్బుతో మేడలు లేచాయి. ఆ మేడలకి వచ్చే కార్ల కోసం చుట్టూ ఉన్న పాత కట్టడాలు పడ్డాయి. 1986లో చమురు ధర కుప్పకూలింది. మేడల్లో మనుషులు లేరు, కొత్తవి కట్టేవాడు లేడు. టెక్సాస్‌లో రాష్ట్రానికి కట్టే ఆదాయపు పన్ను లేదు, ఆ బరువులో చాలా భాగం ఆస్తి పన్ను మీద పడుతుంది. పాత బిల్డింగు ఉంచితే నేలకీ కట్టాలి, బిల్డింగుకీ కట్టాలి. కూలగొడితే నేలకి కడితే చాలు. నేల మీద తెల్ల గీతలు గీస్తే ఆ పన్ను కూడా కార్ల వాళ్లే కట్టిపోతారు. రేటు పెరిగేదాకా కాలు మీద కాలేసుకుని కూచోవచ్చు.

నాన్నకి వెంటనే అర్థమైంది. "మనవాళ్లు సైటు కొని చుట్టూ రాళ్లు పాతి వదిలేస్తారే, అదన్నమాట. కాకపోతే వీళ్లు లోపల బర్రెల బదులు కార్లు కట్టేశారు."

నేను ఈ లాట్లని ఎందుకు సమర్థిస్తున్నానో చెప్పే ముందు కొలతలు చెప్పాలి. కొలత లేని ప్రేమ మాటల వరకే. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో ఒక బ్లాకు, అంటే నాలుగు వీధుల మధ్య చదరం, 250 అడుగుల పొడవు, 250 అడుగుల వెడల్పు. మన లెక్కలో 143 సెంట్లు పైమాటే. అందులో బారులు తీర్చి పెడితే దాదాపు రెండొందల కార్లు పడతాయి. తలుపు తియ్యడానికి, వెనక్కి తిప్పడానికి వదిలిన దారితో కలిపి ఒక్కో కారుకి ముప్పావు సెంటు దాకా వస్తుంది. ఆంధ్రాలో ఆమధ్య పట్టణ పేదలకి ఇళ్ల పట్టాలు ఇచ్చినప్పుడు కుటుంబానికి సెంటు చొప్పున ఇచ్చారు. అంటే నలుగురు మనుషులు, ఒక పొయ్యి, ఒక మరుగుదొడ్డి, దండెం మీద బట్టలు అన్నీ కలిసి మా కారు కంటే పావు సెంటు ఎక్కువ తీసుకున్నాయి. మా కారుకి వంట లేదు, స్నానం లేదు, పెళ్లీడు పిల్లలు లేరు. అయినా దాని గౌరవం దానికుంది.

ఆ గౌరవం చట్టంలో కూడా ఉంది. హ్యూస్టన్ అంటే జోనింగ్ లేని ఊరు, అంటే ఏ పేటలో ఏం కట్టాలో చెప్పే రూలు లేదు. 1948లో, 1962లో, 1993లో మూడుసార్లు ఓటర్లని అడిగారు, మూడుసార్లూ వద్దన్నారు. నా స్థలంలో నేనేం కట్టుకోవాలో చెప్పడానికి నువ్వెవరు అనేది ఇక్కడి వాళ్ల ఆత్మగౌరవం. ఇంటి పక్కన ఫ్యాక్టరీ పెట్టినా అడిగే జోనింగ్ లేదు. కానీ కారుకి చోటు చూపించకపోతే మాత్రం ఊరుకోరు. సిటీ కోడ్ ప్రకారం, విడిగా బెడ్‌రూమ్ లేని ఒంటి గది అపార్ట్‌మెంటుకి 1.25 కార్లకి చోటు ఉండాలి. సింగిల్ బెడ్‌రూమ్‌కి 1.333. డబుల్ బెడ్‌రూమ్‌కి 1.666. మూడు, ఆపైన ఉంటే నిక్కచ్చిగా 2.

ఒంటి గదిలో ఒక్కడు ఉంటాడు. వాడికి ఒకటింబావు కారు. ఆ పావు ఏమిటన్నది నన్ను చాలాకాలం వేధించింది. డిక్కీనా? డ్రైవరు సీటా? పెళ్లయ్యాక వచ్చే కారుకి అడ్వాన్సా? డబుల్ బెడ్‌రూమ్ వాడిది మరీ ఘోరం, ఒకటిన్నర దాటాడు, ఒకటిముప్పావుకి అందలేదు. చిన్నప్పుడు మా మేష్టారు భిన్నాలు దేనికి పనికొస్తాయో చెప్పకుండా చెవి మెలేసి నేర్పించారు. ఇప్పుడు తెలిసింది.

2013లో ఈ రూల్స్ సవరించారు. రెస్టారెంట్ అయితే ప్రతి వెయ్యి చదరపు అడుగులకీ 10 కార్లకి చోటు, బార్ అయితే 14. తాగి బండి నడపొద్దని పోలీసులు, తాగే చోటుకి ఎక్కువ బండ్లు రావాలని కోడు. మన ఇండియన్ దుకాణాలుండే హిల్‌క్రాఫ్ట్‌లో ఎవరైనా కొత్తగా ఇడ్లీ హోటల్ పెట్టాలంటే, మనుషులు తినే జాగాకి మూడింతలు కార్లు నిలబడే జాగా చూసుకోవాలి. ప్లేటు ఇడ్లీ ధర చూసి ఇంతా అని నోరు తెరిచే వాళ్లకి ఒక మాట: ఇడ్లీ ఇంతే, మిగతాది తారు.

విచిత్రం ఏమిటంటే డౌన్‌టౌన్‌కి ఈ నిబంధన వర్తించదు. ఇన్ని కార్లకి చోటు వదలమని అక్కడ ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టలేదు. అయినా బ్లాకులకి బ్లాకులు కార్లకి సమర్పించుకున్నారు. భక్తి అంటే అది. ఉపవాసం ఉండమని అత్తగారు చెబితే ఉండటం వేరు, ఎవరూ చెప్పకుండా ఉండటం వేరు.

అలాంటి భక్తిని ఇప్పుడు పద్ధతి ప్రకారం చెడగొడుతున్నారు. నాకు తెలిసి మొదటి దెబ్బ 2008లో పడింది. కన్వెన్షన్ సెంటర్ ఎదురుగా 12 ఎకరాలు, అందులో ఎక్కువ భాగం పార్కింగ్ లాట్లే, తీసేసి డిస్కవరీ గ్రీన్ అని పార్కు పెట్టారు. చెరువు పెట్టారు, పిల్లలు తడుస్తూ ఆడుకునే ఫౌంటెన్లు పెట్టారు. చెట్లు పెట్టారు. చెట్టు కింద కారు పెట్టొచ్చా అంటే కుదరదు, మనుషులు కూచుంటారట. కార్లని పార్కు కింద, భూగర్భంలో దాచారు. పార్కు వచ్చాక దాని చుట్టూ మేడలు లేవడం మొదలైంది. 2009లో 37 అంతస్తుల అపార్ట్‌మెంట్లు. 2016 చివర్లో వెయ్యి గదుల హోటలు, దాని మీద టెక్సాస్ మ్యాపు ఆకారంలో నీళ్లలో తేలుతూ తిరిగే కాలవ. మనిషి టెక్సాస్ చుట్టూ తిరగడానికి కారే అక్కర్లేదని చెప్పడమే ఆ కాలవ వెనకున్న కుట్ర.

2012లో ఇంకో పథకం పెట్టారు. డౌన్‌టౌన్‌లో ఇళ్లు కడితే ఒక్కో ఇంటికి బిల్డరుకి 15 వేల డాలర్ల దాకా వెనక్కిస్తామన్నారు. ముందు 2,500 ఇళ్లకి అనుకుని, గిరాకీ చూసి 5,000 చేశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. మనిషిని తెచ్చి ఉంచాలంటే సిటీ ఎదురు డబ్బులివ్వాల్సి వచ్చింది. కారుని ఉంచడానికి మేమే నోట్లు మడిచి సందుల్లో కుక్కేవాళ్లం. మార్కెట్ ఎవర్ని కోరుకుంటుందో చెప్పడానికి ఎకనామిక్స్ ఎంఏ చదవాలా?

2019లో పక్కనున్న మిడ్‌టౌన్, ఈస్ట్ డౌన్‌టౌన్‌ల నుంచి కూడా పార్కింగ్ నిబంధన ఎత్తేశారు. తెగులు పక్క చేనికి పాకింది.

లాట్ల వల్ల వేడి పెరుగుతుందని ఒక ఆరోపణ. ఇందులో నిజం లేదని అనను. ఆగస్టులో మధ్యాహ్నం రెండింటికి తలుపు తీసి సీటు బెల్టు బకిల్ పట్టుకున్నవాడెవడూ అనడు. పెనం మీద అట్టు వేసినట్టు చెయ్యి అంటుకుంటుంది. కానీ ఆ వేడి మాకు మన ఊరిని గుర్తు చేసేది. ఇంకో ఆరోపణ, తారు నీటిని పీల్చుకోదని, వరదలొస్తాయని. తారు పీల్చుకోదు, నిజమే. తనకి అక్కర్లేనిది దిగువనున్న వాళ్లకి పంపేస్తుంది. 2017లో హార్వే తుఫాను వచ్చినప్పుడు డౌన్‌టౌన్‌లోనే నాటకశాలలుండే థియేటర్ డిస్ట్రిక్ట్ భూగర్భ గ్యారేజీ నిలువునా నిండిపోయింది. నేల మీద ఉండే మా లాటు ఆ రోజుల్లో తనవంతు నీళ్లన్నీ నిస్వార్థంగా అటు పంపించిందనే నా నమ్మకం.

ఇన్ని చెప్పినా, కొత్త మేడల్లో కార్లకి అన్యాయం జరిగిందని మాత్రం నేను అనలేను. దగ్గరికెళ్లి చూస్తే చాలా వాటికి కింది అంతస్తులన్నీ గ్యారేజీలే. మనుషులు వాటి పైన మొదలవుతారు. స్వామిని కింద గర్భగుడిలో పెట్టుకుని మనం గాలిగోపురం ఎక్కి కాపురం ఉన్నట్టు. ఆ కాఫీ కప్పు అమ్మాయి కూడా రోజూ తొమ్మిది అంతస్తుల కార్లు దాటుకుని ఇంటికి చేరాల్సిందే.

రైలెక్కొచ్చుగా అంటారు కొందరు. ఉంది, 2004 నుంచీ తిరుగుతోంది, టికెట్ 1.25 డాలర్లు. మళ్లీ ఒకటింబావు! కానీ మా శివారు ఇంటి నుంచి రైలు దాకా వెళ్లడానికి కారు కావాలి, ఆ కారు పెట్టడానికి పార్కింగ్ కావాలి. అంత దూరం కార్లో వెళ్లాక మిగతాది కూడా అందులోనే పోతే పోలా అనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా అలాగే అనిపిస్తోంది.

ఆ రోజు జ్యూరీ సంగతి చెప్పలేదు కదూ. చివరికి ఒక గ్యారేజీలో ఆరో అంతస్తు ఎక్కి, స్తంభానికీ గోడకీ మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని కారు ఇరికించాను. అక్కణ్నించి కోర్టుకి నాలుగు వీధులు నడక. నడిచాను. దారిలో ఒకావిడ గుడ్ మార్నింగ్ చెప్పింది, కారణం తెలియదు. ఒక బేకరీ నుంచి వేడి రొట్టె వాసన వచ్చింది. ఇన్నేళ్లలో ఈ వీధికి వాసన ఉంటుందని నాకు తెలియదు. అద్దాలు ఎత్తుకుని పోయేవాళ్లం. మధ్యాహ్నానికి మీరు అక్కర్లేదు పొమ్మన్నారు. జ్యూరీకి వచ్చినందుకు ఇచ్చేది 20 డాలర్లు, గ్యారేజీకి కట్టింది 22. బేకరీలో అయిన ఖర్చు ఈ లెక్కలో కలపడం లేదు, అది నా బలహీనత.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి లాటు పోయిందని చెప్పాను. ఆయన పెద్దగా బాధపడలేదు. "మన పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాన్రా, చెబుదామనుకుంటున్నా" అన్నారు. ఐదంతస్తులు, కింద స్టిల్ట్ పార్కింగ్. మన వాటాకి రెండు ఫ్లాట్లు, రెండు కార్లు పెట్టుకునే జాగా.

"మనకి అక్కడ కారే లేదుగా నాన్నా."

"లేకపోతేనేం? వెనక వీధి డాక్టరు గారికి రెండు కార్లు. పెట్టుకోడానికి చోటు లేదు. ఒక జాగా నెలకి ఇంతని అద్దెకి అడుగుతున్నాడు."

"ఇచ్చేశావా?"

"అప్పుడేనా? తెల్ల గీతలు గీయించా. రేటు పెరిగేదాకా కూచుందాం అన్నావుగా."