పోగొట్టుకోలేదు, దొంగిలించారు

ఈ ఉదయం మా పిన్నిని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. రెండున్నర గంటలు అక్కడి బల్ల మీద కూర్చుని, ఒకే ఒక్క క్రియాపదం దగ్గర వాదన తెగక, ఫిర్యాదు కాగితాన్ని తిరిగి చేతిలో పట్టుకుని వచ్చాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారితే మళ్ళీ అందరిలాగే ఊరుకుంటానన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. నిన్న సాయంత్రం మా పిన్ని ఒక పెళ్ళి చూసుకుని ఆర్టీసీ బస్సులో తిరిగి వస్తూ, సీటు దొరకక దారి పొడవునా నిలబడే ఉంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ మెడ తడుముకుంటే మూడు కాసుల నానుతాడు లేదు. రెండు అంగుళాల ముక్క ఒకటి మాత్రం జాకెట్టు అంచులో చిక్కుకుని ఉంది. ఆ ముక్కను దీపం కింద పెట్టి చూశాను. తెగిపోయిన గొలుసు కొస సాగి, వంకర తిరిగి ఉంటుంది. దీని కొస మాత్రం గోరు కత్తిరించినంత నున్నగా ఉంది. కట్టర్ పెట్టి కోశారని తెలుసుకోవడానికి కంసాలి దగ్గరకు వెళ్ళవలసిన పని లేదు.

స్టేషన్‌లో రైటర్ గారు మా కాగితం చదివారు. "నా మెడలోని నానుతాడు దొంగిలించారు" అన్న వాక్యం దగ్గర ఆగి, కలంతో ఆ మాట కింద గీత గీశారు. "అమ్మా, ఇలా రాస్తే మీకే ఇబ్బంది. ప్రయాణంలో పోగొట్టుకున్నాను, దొరికితే ఇప్పించగలరు అని రాసివ్వండి, ముద్ర వేసి ఇచ్చేస్తాను" అన్నారు. పిన్ని చేతి రుమాలు విప్పి ఆ ముక్కను చూపించింది. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. ఆ తర్వాత ఎస్ఐ గారు వచ్చి, బస్సు ఎక్కిన ఊరు తమ పరిధిలోది కాదని, దొంగతనం ఏ స్టాపు దగ్గర జరిగిందో చెప్పగలిగితే అప్పుడు చూద్దామని అన్నారు. ఏ స్టాపు దగ్గర జరిగిందో తెలిసి ఉంటే మా పిన్ని అక్కడే దొంగ చెయ్యి పట్టుకుని ఉండేది కదా!

ఈ రెండు మాటల్లోనూ చట్టం లేదు. పోగొట్టుకున్నానని రాసిచ్చిన కాగితం మీద ఎఫ్ఐఆర్ ఉండదు, దర్యాప్తు ఉండదు, దొంగ కూడా ఉండడు. ఆ ఒక్క మాట మార్పుతో నేరం మాయమైపోయి, తన వస్తువును తానే జారవిడుచుకున్న ఒక అజాగ్రత్త ఆడమనిషి మిగులుతుంది. ఆ స్టేషన్ పరిధిలో ఈ నెల నేరాల లెక్క పెరగకుండా ఉంటుంది, నేర సమీక్షలో పై అధికారికి సమాధానం చెప్పుకోవలసిన కేసు ఒకటి తగ్గుతుంది. నమోదు చేయవలసిన నేరాన్ని ఇలా నొక్కిపెట్టడానికి పోలీసు భాషలో బర్కింగ్ అన్న పేరే ఉంది. పేరు పెట్టుకునేంత పాత అలవాటు ఇది.

2013 నవంబరు 12న సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో తీర్పు ఇచ్చింది. అపహరణకు గురైన ఒక మైనరు బాలిక తండ్రి ఫిర్యాదు పట్టుకుని తిరిగిన కేసు అది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాటలో సందేహానికి తావు లేదు. వచ్చిన సమాచారంలో కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలి. ఫిర్యాదు నిజమా కాదా అన్నది దర్యాప్తులో తేల్చవలసిన విషయమే తప్ప, నమోదుకు ముందు బల్ల దగ్గర తేల్చేది కాదు. ఇప్పుడు అమలులో ఉన్న కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 5,000 రూపాయల లోపు విలువగల వస్తువుల దొంగతనాన్ని కాగ్నిజబుల్ కాని నేరాల్లో చేర్చిన మాట నిజమే. కానీ మూడు కాసుల బంగారం ఆ లెక్కలోకి వస్తుందని ఎవరూ అనలేరు.

పరిధి విషయంలోనూ అంతే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సంహిత 173వ సెక్షన్, నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం తీసుకోవలసిందేనని చెబుతోంది. మనం జీరో ఎఫ్ఐఆర్ అని పిలుచుకునేది దీన్నే. నమోదు చేసి, ఆ తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేసుకోవలసిన బాధ్యత వాళ్ళది. ప్రయాణంలో ఉండగా జరిగిన నేరాన్ని, ఆ మనిషి గాని ఆ వస్తువు గాని దాటి వచ్చిన ఏ ప్రాంతపు కోర్టైనా విచారించవచ్చని పాత చట్టంలోనే ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. బస్సులో పోయిన సొమ్ముకు స్టాపు పేరు చెప్పలేని మనుషుల కోసమే ఆ నిబంధన రాశారు. నేను ఇవన్నీ చెబితే ఎస్ఐ గారు ఇచ్చిన జవాబు, "మీరు లాయరా?" అని. కాదన్నాను. "మరి మాకెందుకు చెబుతున్నారు?" అన్నారు. ఒక పౌరుడు తనకు సంబంధించిన చట్టం తెలుసుకుని మాట్లాడాలంటే నల్లకోటు తొడుక్కుని ఉండాలా? రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమని చెప్పింది, ఆ చట్టాన్ని ఉచ్చరించే హక్కు కొందరికే ఉందని చెప్పలేదు.

ఈ పరిధి అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండడానికి కారణం ఇవాళ్టి నానుతాడు ఒక్కటే కాదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలు కనిపించకుండా పోతే, ఆమె కుటుంబం స్టేషన్‌కు పరుగెత్తింది. అక్కడ వాళ్ళు విన్న మాట కూడా ఇదే, మా పరిధి కాదన్న మాట. ఆ జాప్యానికిగాను ముగ్గురు పోలీసు సిబ్బందిని సైబరాబాద్ పోలీసులు తర్వాత సస్పెండ్ చేశారు. ఆ తెల్లవారి ఏం తెలిసిందో తెలుగునాట అందరికీ తెలుసు. డిసెంబరు 6న నిందితులను ఎన్‌కౌంటర్ చేసినప్పుడు పోలీసుల మీద పూలు చల్లడానికి జనం పరుగెత్తుకుని వెళ్ళారు. ఆ ఎన్‌కౌంటర్ గురించి వేరే పోస్టు రాయాలి, ఇక్కడ కలపను. నన్ను ఈనాటికీ బాధించేది ఆ రాత్రి పరిధి గురించి మాట్లాడుకుంటూ గడిచిపోయిన గంటలు. పూలు చల్లిన చేతుల్లో ఎన్ని ఆ గంటల లెక్క అడిగాయి? ఒక ఊరు ఊరంతా రోడ్డెక్కిన తర్వాత కూడా, కొన్నేళ్ళు తిరగకుండానే ఒక స్టేషన్‌లో ఆ మాట అంత అలవోకగా వినబడిందంటే, సస్పెన్షన్ల వార్త చదివి మనం తృప్తిపడి పేపరు మడిచేశామన్నమాట.

మా ఇంట్లో ఇంతకన్నా పాత గాయం ఒకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం మా తమ్ముడి బైకు ఇంటి ముందు నుంచి పోయింది. "వారం చూద్దాం, పెట్రోలు అయిపోగానే ఎక్కడో వదిలేస్తారు" అని స్టేషన్‌లో చెప్పారు. మేము పెద్దమనుషుల మాటగా నమ్మాము. పంతొమ్మిదో రోజున ఎఫ్ఐఆర్ అయింది. బీమా కంపెనీ ఆ తేదీని చూపించి, ఆలస్యంగా ఫిర్యాదు చేశారంటూ క్లెయిము కొట్టేసింది. మేము మొదటి రోజునే వెళ్ళామనడానికి మా దగ్గర ఒక్క చీటీ లేదు, ఎందుకంటే ఇచ్చిన కాగితానికి రసీదు అడగాలని మాకు తెలియదు. 2020లో ఒక ట్రాక్టరు దొంగతనం కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్ఐఆర్ వెంటనే నమోదై ఉంటే బీమా కంపెనీకి తెలియజేయడంలో జరిగిన ఆలస్యాన్ని సాకుగా చూపి క్లెయిము నిరాకరించరాదని చెప్పింది. ఆ తీర్పు కూడా మమ్మల్ని ఆదుకోలేదు, ఎందుకంటే అందులోని ఆధారమంతా వెంటనే నమోదైన ఎఫ్ఐఆరే. వారం చూద్దామన్న ఒక్క మాట ఖరీదు మా తమ్ముడికి ఒక బైకు.

అందుకే ఈసారి తెలుసుకుని వెళ్ళాను. నోటితో చెప్పినా సరే పోలీసులు రాసుకోవాలి, రాసినది చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు గాని బాధితులకు గాని ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌కు వెళ్ళలేనివారు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, మూడు రోజుల్లోగా సంతకం చేయవచ్చు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ముందుగా ప్రాథమిక విచారణ జరుపుతామని అనే వీలు కొత్త చట్టంలో ఉంది, కానీ దానికి డీఎస్పీ అనుమతి కావాలి, పధ్నాలుగు రోజుల్లో ముగించాలి. మా ఎస్ఐ గారు ఆ మాటైనా అని ఉంటే ఆ అనుమతి ఏదని అడిగేవాడిని. ఆయన ఏ సెక్షనూ చెప్పలేదు. "రేపు రండి, పెద్దాయన ఉంటారు" అన్నారు. సాక్ష్యం కోసమైనా సరే, స్త్రీని ఆమె ఉండే చోటు విడిచి స్టేషన్‌కు రమ్మనకూడదని అదే చట్టం 179వ సెక్షన్ చెబుతుంటే, నష్టపోయిన మనిషి ఎన్ని రేపులు తిరగాలి?

నేను గొంతు పెంచబోతే పిన్ని నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. బయటికి వచ్చాక వేపచెట్టు కింద నిలబడి, "ఒరేయ్ నాన్నా, ఎదురు కేసు పెట్టి నిన్ను లోపలేస్తారేమోరా, బంగారం పోతే పోయింది" అంది. ఈ రోజు మొత్తంలో నన్ను నిలువునా కోసిన మాట అదే. నలభై ఏళ్ళు ఒకరి సొమ్ము ముట్టకుండా బతికిన మనిషి, తన సొమ్ము పోయిందని చెప్పుకోవడానికి వెళ్ళి, నేరస్థుడు పడవలసిన భయం తాను పడింది. కారణం చెప్పకుండా ఎవరినీ అరెస్టు చేయకూడదని, ఇష్టమైన న్యాయవాదిని సంప్రదించుకునే హక్కు ఉందని, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని 22వ అధికరణం చెబుతుందని అక్కడే వివరించాను. తల ఊపింది గానీ నమ్మలేదు. ఆమె నమ్మకపోవడం ఆమె తప్పు కాదు. బడిలో ప్రాథమిక హక్కులు బట్టీపట్టించి మార్కులు వేశారు గానీ, ఒక ఫిర్యాదు ఎలా రాయాలో, రసీదు ఎలా అడగాలో ఏ మాస్టారూ మాకు చెప్పలేదు.

సాయంత్రం ఫోన్లో సంగతి విన్న మా మామయ్య, చదువుకున్నవాడు, ఉద్యోగం చేసి రిటైరైనవాడు, "వాళ్ళు చెప్పినట్టు రాసిస్తే సరిపోయేది కదరా, వాళ్ళతో మనకెందుకు" అన్నారు. మామయ్యా, మీరు ఈ పోస్టు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఇన్నేళ్ళుగా మీలాంటి మంచివాళ్ళందరూ వాళ్ళు చెప్పినట్టు రాసిస్తూ వచ్చారు కాబట్టే, ఈ రోజు పిన్ని రాసిన నిజమైన మాట కింద గీత పడింది.

ఇక మా ముందున్న దారి చట్టంలోనే ఉంది. స్టేషన్‌లో నమోదు చేయకపోతే ఫిర్యాదు సారాంశాన్ని రాసి తపాలాలో జిల్లా ఎస్పీకి పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. న్యాయవాదికి ఇచ్చుకునే స్తోమత లేదని ఆగనక్కర లేదు, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. ఫోన్ నంబరు 15100. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి నేరుగా కూడా వెళ్ళవచ్చు.

మధ్యాహ్నం తపాలా కార్యాలయం బల్ల మీదే పిన్ని కొత్త కాగితం తీసుకుని మొదటి నుంచి రాసింది. రైటర్ గారు గీత గీసిన మాట దగ్గరకు వచ్చేసరికి కలం ఆపి నా ముఖంలోకి చూసింది. నేనేమీ అనలేదు. ఈసారి దొంగిలించారని మాత్రమే రాసి ఊరుకోలేదు, "కట్టరుతో కోసి దొంగిలించారు, కోసిన ముక్క నా దగ్గర ఉన్నది" అని రాసి సంతకం పెట్టింది. ఎస్పీ గారి పేరిట స్పీడ్ పోస్టు చేశాము. రసీదు మీద సమయం మూడు గంటల పది నిమిషాలు అని ఉంది. ముక్క రుమాలులోనే, పిన్ని బీరువాలో భద్రంగా ఉంది.