సీటు మీద టవల్‌గా పుట్టిన తమ్ముడికి

చిరంజీవి హెల్‌రైజర్ రెవలేషన్స్‌కి, హెల్‌రైజర్ హారర్ సినిమాల ఇంట్లో తొమ్మిదో సంతానం, 2011 మోడల్, అన్నయ్య ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అని అలవాటుకొద్దీ రాశా, నీ కుశలం సంగతి నీకే తెలియాలి.

మన పరిచయం హాస్టల్‌లో ఎవడిదో హార్డ్ డిస్క్‌లో, మీ అన్నదమ్ములంతా ఒకే ఫోల్డర్‌లో వరసగా పడుకుని ఉన్నారు. పెద్దోడు 1987 వాడు, క్లైవ్ బార్కర్ తను రాసుకున్న కథనే తీసిన సినిమా. వాణ్ని చూసిన రాత్రి నలుగురం బాత్రూంకి కూడా జట్టుగానే వెళ్ళాం. నిన్ను పెట్టిన రాత్రి పావుగంటకే ఒకడు లైటేసి మ్యాగీ చేసుకున్నాడు, ఇంకొకడు ఫోన్‌లో వాళ్ళమ్మతో బియ్యం బస్తా గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు, అప్పుడు మీ ఇంటి విలన్, ఆ మేకుల తలోడు, స్క్రీన్ మీదే ఉన్నాడు, అయినా ఎవడూ ఆ ఫోన్ పెట్టెయ్యరా అనలేదు.

తిట్టాలనే కూర్చున్నా, కానీ నీ జాతకం చదివాక జాలేసింది. అప్పట్లో డైమెన్షన్ ఫిల్మ్స్ అనే కంపెనీ దగ్గర మీ ఇంటి హక్కులుండేవి, గడువులోగా ఇంకో భాగం తీయకపోతే చేజారిపోతాయి, అందుకని అర్జెంటుగా నిన్ను కన్నారు. పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఆర్టీసీ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి టవల్ విసిరేస్తారు చూడు, అదీ నువ్వు. టవల్‌కి కథ ఉండాలా, నటన రావాలా, సీటు మీద పడితే చాలు. మా హీరోలు కూడా షూటింగ్ సగం అవ్వకుండానే సంక్రాంతి డేట్ మీద కర్చీఫ్ వేస్తుంటారు గానీ, ఆ కర్చీఫ్‌నే డీవీడీ చేసి అమ్మిన ఘనత మాత్రం మీవాళ్ళదే.

పెద్దోడికి ఖర్చు దాదాపు 10 లక్షల డాలర్లు. నీకు 3 లక్షలంటారు. 24 ఏళ్ళలో టమాటా పెరిగింది, మేకుల రేటూ పెరిగే ఉంటుంది, నీ ఒక్కడి బడ్జెట్టే మూడోవంతుకి దిగింది.

అసలు ఆ తల ఎలా ఉండేదో నీకెవరైనా చూపించారా? సున్నం కొట్టినట్టు తెల్లటి మొహం, దాని మీద కత్తితో గళ్ళు, గీత గీత కలిసే ప్రతి చోటా చుక్కల ముగ్గులో చుక్కకి బదులు ఒక మేకు. పెద్దోడిలో ఆయన పది నిమిషాలు కూడా కనపడడు, టైటిల్స్‌లో సరైన పేరు కూడా ఉండదు, అయినా గదిలోకొస్తే గాలి ఆగినట్టుండేది. డగ్ బ్రాడ్లీ ఎనిమిది భాగాల్లో అదే మొహంతో నిలబడ్డాడు, ఆయనే నీ స్క్రిప్ట్ చూసి నా వల్ల కాదన్నాడంటే ఆలోచించు. దాంతో మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది పెట్టారు. డబ్బింగ్‌ని నేను తక్కువ చెయ్యను, హీరోయిన్లకి ఒకరి మూతి ఇంకొకరి గొంతు మాకు ఏళ్ళ తరబడి అలవాటే. కానీ మా దగ్గర గొంతు విన్నాక మూతి మీద ప్రేమ పుట్టేది, నీ దగ్గర రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

కథ సంగతి, ఇద్దరు కుర్రాళ్ళు మెక్సికో పోయి మాయమైతే ఏడాది తర్వాత వాళ్ళ అమ్మానాన్నలు ఒకే ఇంట్లో భోజనానికి కూర్చుంటారు, వెళ్దామనుకుంటే బయట కార్లుండవు. నరకం మాయం చేసిందని మేం నమ్మాలి. అద్దె కార్లు సాయంత్రం ఆరింటికి వెనక్కి పంపేశారని మాకు తెలీదా తమ్ముడూ?

ప్రచారంలో మాత్రం బార్కర్ మనసులోంచి పుట్టిందని చెప్పుకున్నారు. ఆయన ట్విట్టర్‌కెక్కి మనసు కాదు కదా, ఒంట్లో ఇంకే భాగం నుంచీ రాలేదని చెప్పాడు, ఏ భాగమో కూడా చెప్పాడు, పెద్దవాళ్ళు చదువుతారని నేనిక్కడ రాయట్లేదు. కన్నతండ్రే కాదన్నాక ఇంక మేమేం అనగలం.

ఇంతా చేసి ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో చూశావా? 2018లో పదోవాణ్ని దించారు, నీ కథ రాసిన మేకప్ ఆయనే ఈసారి డైరెక్షన్ కూడా చేశాడు, అంటే టవల్ మీద టవల్. ఈలోగా అమెరికా చట్టంలో 35 ఏళ్ళయ్యాక రాసినవాడు తన హక్కులు వెనక్కి అడగొచ్చని ఒక మెలిక ఉందట, బార్కర్ 2020లో కోర్టుకెక్కి 2021 డిసెంబర్ నుంచి అమెరికా వరకు తనవి తను తెచ్చుకున్నాడు. 2022లో కొత్త సినిమా వచ్చింది, ఆ మేకుల తల జేమీ క్లేటన్‌ది, నటి. అన్నేళ్ళు టవళ్ళేసి కాపాడిన సీటు దగ్గరికి చివరికి కండక్టర్ వచ్చి పైన ఏం రాసుందో చదవమన్నాడు, స్త్రీలకు కేటాయించినది.

నిన్నెవరో మడతపెట్టి కిటికీ పక్కన పెట్టారు, పారెయ్యలేదులే.

ఇట్లు,
75 నిమిషాలు ఫుట్‌బోర్డు మీద నిలబడి వచ్చిన అన్నయ్య