ఆకాశానికి షోకాజ్ నోటీసు

మన నెత్తిమీద, గాలిలోనే, ఒక రసాయన కర్మాగారం నడుస్తోంది. మనం వదిలే ఆవిర్లను మనం పీల్చే సన్న ధూళిగా మార్చడం దాని పని. దానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్ఈ (కట్టుకోడానికి అనుమతి) లేదు, సీఎఫ్ఓ (నడుపుకోడానికి అనుమతి) లేదు. ప్రహరీ లేదు, గేటు లేదు, గేటు పక్కన కుర్చీలో కునికే వాచ్‌మన్ కూడా లేడు. ఎండ ఉన్నంతసేపూ పగటి షిఫ్టు నడుస్తుంది. పొద్దుగూకాక నైట్రేట్ రాడికల్ అనే, దేనిమీదైనా ఎగబడే దుడుకు అణువు వచ్చి నైట్ డ్యూటీ ఎక్కుతుంది. ఆదివారం సెలవన్న మాటే లేదు. కార్మిక శాఖ వారు సైతం ఇంతవరకూ అటు తలెత్తి చూడలేదు.

ముడిసరుకు మనమే పంపుతాం, పైసా పుచ్చుకోకుండా. బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టిస్తుంటే మూతి దగ్గర గాలి వణికినట్టు కనిపిస్తుంది చూడండి, ఆ పెట్రోలు ఆవిరి. ఫర్నిచర్ షాపులో పాలిష్‌లో కలిపే థిన్నర్, మందుల కంపెనీల సాల్వెంట్లు, అచ్చాఫీసు సిరా. బయలుదేరేటప్పుడు ఇవన్నీ ఒట్టి ఆవిర్లు. మసి కావు, దుమ్ము కావు, గొట్టానికి బిగించిన బ్యాగ్ ఫిల్టర్‌కు చిక్కే రకం అసలే కావు.

పైకెళ్ళాక గానీ వీటి అసలు రంగు బయటపడదు. ఎండ, ఓజోన్, నీటి ఆవిరి కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే శాల్తీని పుట్టిస్తాయి. నిండా ఒక సెకను బతకదు గానీ, ఆ కాస్తలోనే పెట్రోల్లో, థిన్నర్లో ఉండే టోలుయీన్ మీదో జైలీన్ మీదో పడి దాని పొందిక చెడగొడుతుంది. ఆ సందు చూసుకుని ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది, దాని వెనకే ఇంకొకటి. ఆక్సిజన్ ఎక్కేకొద్దీ ఆ అణువుకు ఆవిరిగా తేలే ఓపిక పోయి, దారినపోయే ఏ రేణువు మీదనో చతికిలబడుతుంది. ఏదీ దొరక్కపోతే అలాంటివే నాలుగు చేరి కొత్త రేణువుగా వేరు కుంపటి పెట్టుకుంటాయి. పైన్ చెట్ల వాసనలో ఉండే పినీన్ అయితే మరీ చురుకు. ఓజోన్ ఒక్కసారి తగిలితే చాలు, మిగతా ఆక్సిజన్‌ను తనంతట తనే గబగబా ఎక్కించుకుంటుందని 2014లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. ఇలా తయారయ్యే సరుకు 2.5 మైక్రాన్ల లోపే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), చాలావరకు ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఊపిరితిత్తుల అట్టడుగుదాకా డోర్ డెలివరీ.

ఇందులోని న్యాయశాస్త్ర సౌందర్యాన్ని మాత్రం ఎవరూ గుర్తించడం లేదు. తనిఖీకి వచ్చిన అధికారి చిమ్నీ దగ్గర రేణువులు కొలుస్తారు. అంకెలు పరిమితిలోనే ఉంటాయి. మేనేజరు చేతులు కట్టుకుని, “చూశారుగా సార్, మా గొట్టంలోంచి దుమ్ము బయటికి పోదు” అంటాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ దుమ్ము అక్కడ పుట్టలేదు. ఎన్నో మైళ్ళ అవతల, కొన్ని గంటల తర్వాత, ఏ సర్వే నంబరూ లేని చోట పుట్టింది. పుట్టిన ఊరు తెలీదు, తండ్రి పేరు తెలీదు. ఇలాంటివాణ్ణి ఏ ఖాతాలో రాయమంటారు?

అలాగని ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందంటే కళ్ళు పోతాయి. ఊళ్ళ గాలిని శుభ్రం చేయడానికి 2019లో నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ పెట్టింది. హైదరాబాదు, విశాఖ, విజయవాడతో కలిపి అందులో సుమారు 130 నగరాలు చేరాయి. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే ఢిల్లీ సంస్థ 2024లో లెక్క తీస్తే, నిధుల్లో 64 శాతం రోడ్లు వేయడానికి, వెడల్పు చేయడానికి, గుంతలు పూడ్చడానికి, నీళ్ళు చల్లడానికి, ఊడ్చే యంత్రాలకు పోయింది. పరిశ్రమల కాలుష్యానికి దక్కింది 0.61 శాతం. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. నగరాలకు మార్కులు వేసేది పీఎం 10ని, అంటే పది మైక్రాన్ల దాకా ఉండే ధూళిని, చూసి గనక, లావు రేణువును ఊడ్చినవాడే ఫస్టు క్లాసు.

మధ్యలో యేల్ యూనివర్సిటీ వాళ్ళు పానకంలో పుడకలా తగిలారు. రోడ్డు మీది తారే ఎండకు ఆవిర్లు వదులుతుందట. మోస్తరు ఎండ పడినా ఆ ఆవిర్లు 300 శాతం దాకా పెరుగుతాయట, సన్న రేణువులకు అదీ ముడిసరుకేనట. ఈ మాట వాళ్ళు 2020లో చెప్పారు. రోహిణీ కార్తెలో కొత్త రోడ్డు మీద చెప్పు అంటుకుపోయి, కాలు మాత్రమే ముందుకెళ్ళిన ప్రతి తెలుగువాడికీ ఆ తారు వాసన తెలుసు. దుమ్ము లేవకుండా మనం పరుస్తున్నది దాన్నే.

గొట్టాలవాళ్ళ జోలికి పోలేం గనక, నిందితుడిగా చెట్టునే నిలబెడితే పోతుందని నా మనవి. దానికి వకీలు లేడు. పైగా ముందొకరు దారి వేసి ఉంచారు. 1980లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేస్తూ రోనాల్డ్ రీగన్ హైడ్రోకార్బన్ కాలుష్యంలో సింహభాగాన్ని చెట్ల నెత్తిన రుద్దారు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో విద్యార్థులు ఒక చెట్టుకు “నన్ను నరికెయ్యండి, మళ్ళీ ఎవర్నో చంపేలోపు” అని అట్ట కట్టారు. నిజానికి ఆయన మాటలో కొంత సరుకు ఉంది. ప్రపంచంలో మొక్కలు వదిలే ఐసోప్రీన్ అనే ఆవిరి ఒక్కటే ఏటా సుమారు 50 కోట్ల టన్నులు. ఊరి పొగ వచ్చి కలిస్తే ఆ ఆవిర్లలోంచి రేణువులు మరింతగా పుట్టుకొస్తాయని అమెజాన్ అడవిలో, మనౌస్ నగరపు పొగ సాగిన దారిలో కొలిచి చూశారు కూడా. పొగ సంగతి మనకెందుకు లెండి. ఆ అట్ట మీది కోరికను మన మునిసిపాలిటీలు రోడ్డు వెడల్పు పేరిట ఎప్పుడో తీర్చేశాయి.

ఇక చట్టం సంగతి. 2009 జాతీయ వాయు ప్రమాణాల్లో పన్నెండు కాలుష్యాల పేర్లున్నాయి. ఆవిరిగా తిరిగే కర్బన పదార్థాల్లో చోటు దక్కింది బెంజీన్‌కు ఒక్కదానికే, అదీ క్యాన్సర్ తెస్తుందన్న పేరుంది గనక. రేణువుల తయారీలో దానికన్నా చాలా జోరుగా కదిలే టోలుయీన్, జైలీన్‌లు ఆ లిస్టులో లేవు. మన ఫోన్లలో రోజూ చూసుకునే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) లెక్కలో ఆ బెంజీన్ కూడా ఉండదు. ముడిసరుకు పద్దే లేని కర్మాగారానికి ఆడిట్ అభ్యంతరాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఇవన్నీ రాసి మా అపార్ట్‌మెంట్ సంఘం ముందు పెట్టాను. పైన పుట్టే ధూళి మీద అందరికీ ఒళ్ళు మండిపోయింది, సంతకాలు పెడతామన్నారు. షరతు ఒక్కటే. నిమ్మ వాసన వచ్చే ఫ్లోర్ క్లీనర్‌లోని లిమోనీన్, కిటికీలోంచి వచ్చే ఓజోన్‌తో కలిసి గది మధ్యలోనే ఇలాంటి రేణువులు తయారుచేస్తుందన్న పేరా తీసేయాలి. లిఫ్టులో మొన్ననే బిగించిన రూమ్ ఫ్రెషనర్ ఊసు అసలే ఎత్తకూడదు, దానికి మెయింటెనెన్స్‌లో అందరం డబ్బు కట్టాం.