న్యూగ్రేంజ్ 1960ల్లో వేసిన సెట్టింగా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

వారం రోజులుగా ఫ్యామిలీ గ్రూపు, ఫ్రెండ్స్ గ్రూపు, ఎక్కడ చూసినా ఒకటే ఫార్వర్డ్. ఐర్లాండ్‌లోని న్యూగ్రేంజ్ అనే రాతి సమాధి 5,200 ఏళ్ళ నాటిది కాదట, 1960ల్లో టూరిస్టుల కోసం కాంక్రీటుతో కట్టేశారట. కింద రెండు ఫొటోలు. పాతదాంట్లో చెట్లు మొలిచిన మట్టిదిబ్బ, కొత్తదాంట్లో తళతళలాడే తెల్లగోడ. నిన్న మా బాబాయి కూడా పంపి, "నువ్వు అక్కడే ఉన్నావుగా, నిజమేనట్రా?" అని అడిగాడు.

కొంత నిజమే బాబాయ్, చిక్కంతా అక్కడే.

"తెల్లగోడ కొత్తది" అంటున్నారు. అవును, కొత్తదే, దాచిపెట్టిందేమీ లేదు. 1962 నుంచి 1975 దాకా అక్కడ తవ్వకాలు చేయించింది కార్క్ ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీ. దిబ్బ ముందు జారిపడిన రాళ్ళ కింద తెల్ల పలుగురాళ్ళు కుప్పలుగా, వాటి మధ్య బూడిదరంగు గుండ్రాళ్ళు దొరికాయి. ఒకప్పుడు ఇవి నిలువుగోడ అయ్యుంటాయని ఆయన లెక్క. అలాంటి గోడ ఒకటి కట్టించి, కూలగొట్టి, రాళ్ళు ఎలా పడతాయో కూడా చూశాడు. ఆ తర్వాత వెనక కాంక్రీటు పోసి అవే రాళ్ళని నిలబెట్టారు. గుమ్మానికి రెండువైపులా లోపలికి వంపు తిరిగిన నల్లరాతి గోడలైతే పూర్తిగా మన కాలానివే, జనం లోపలికి వెళ్ళిరావడానికి కట్టారు. ఇదంతా తప్పని అప్పట్నుంచి ఇప్పటిదాకా తిట్టేవాళ్ళు తిడుతూనే ఉన్నారు. పక్కనే నౌత్ అనే ఇలాంటి ఇంకో సమాధి దగ్గర తవ్విన జార్జ్ ఇయోగన్ అలాంటి రాళ్ళని గోడ ఎక్కించకుండా నేలమీదే పరిచి ఉంచాడు. నన్నడిగితే అదే నయం. న్యూగ్రేంజ్ గోడ నిన్నగాక మొన్న సున్నం కొట్టిన కాంపౌండ్ వాల్‌లా ఉంటుంది. కానీ చొక్కా మార్చారని మనిషే కొత్తవాడంటే ఎలా?

"అంతకుముందు అక్కడ ఉత్త మట్టిదిబ్బే ఉండేది" అనేది రెండో మాట. 1699లో ఆ భూమి యజమాని చార్ల్స్ క్యాంప్‌బెల్ పనివాళ్ళు రోడ్డు కోసం రాళ్ళు తీస్తుంటే దిబ్బ లోపలి గదికి వెళ్ళే రాతిదారి బయటపడింది. అదే ఏడాది ఎడ్వర్డ్ లూయిడ్ అనే పండితుడు లోపలికి దూరి, చెక్కిన రాళ్ళు, లోపలి గదులు ఎలా ఉన్నాయో ఉత్తరాల్లో రాశాడు. మరి 1960ల్లో కట్టినదాన్ని ఆయన ఎలా చూశాడో వీళ్ళే చెప్పాలి.

"రాయికి కార్బన్ పరీక్ష చెయ్యలేరు, కాబట్టి వయసు ఊహే" అట. మొదటి ముక్క కరెక్టే, రాయిని ఎవరూ పరీక్షించలేదు కూడా. కప్పురాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకుండా అప్పటివాళ్ళు కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక కూరారు. పరీక్ష చేసింది ఆ కాల్చిన మట్టికి, వచ్చింది సుమారు క్రీ.పూ. 3200. ఇంకా చిత్రం, కప్పురాళ్ళ పైన వాననీరు పక్కకి పోవడానికి కాలువల్లా గాట్లు చెక్కారు. ఐదు వేల ఏళ్ళ ఐర్లాండ్ వానకి కూడా లోపలి గది పొడిగానే ఉంది. మా అపార్ట్‌మెంట్ స్లాబు రెండో వానాకాలానికే కారింది, అది వేరే కథ.

అన్నిటికంటే ఎక్కువ షేరైంది నాలుగోది: "డిసెంబర్ 21న లోపలికి ఎండ పడేలా ఓకెల్లీయే కంత పెట్టించాడు." గుమ్మం పైన ఒక చిన్న రాతి కంత ఉంది నిజమే. పగలు అతి చిన్నగా ఉండే ఆ రోజుల్లో పొద్దున్నే సూర్యుడి వెలుగు దాంట్లోంచి దూరి, 19 మీటర్ల సన్నటి దారి వెంట పాకి, గది నేల మీద పడి 17 నిమిషాలు ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తవుతుంది కాబట్టి గుమ్మంలోంచి వచ్చే వెలుగు గదిదాకా రాదు, అందుకే ఆ కంత. ఎండ లోపలికి వస్తుందని ఊళ్ళోవాళ్ళు ఎప్పట్నుంచో చెప్పుకునేవారు. ఓకెల్లీ 1967లో స్వయంగా లోపల కూర్చుని చూశాడు. తవ్వకాల్లో పక్కకి ఒరిగిన దారిరాళ్ళని నిటారుగా సరిచేసిన మాట కూడా నిజమే. అయితే ఇవాళ వెలుగు సూర్యోదయమైన నాలుగు నిమిషాలకి గానీ లోపలికి రాదు. భూమి అక్షం వంపు ఇన్ని వేల ఏళ్ళలో కాస్త మారింది కదా, ఆ లెక్క వేసి చూస్తే అప్పట్లో సరిగ్గా సూర్యోదయానికే వచ్చేదని 1989లో టామ్ రే అనే శాస్త్రవేత్త చూపించాడు. 1960ల్లో కట్టినవాడు 1960ల సూర్యుడికి కుదిరేలా కట్టడా?

నేను వెళ్ళింది ఆగస్టులో. దారిలో ఒకచోట పక్కకి తిరిగి, పొట్ట లోపలికి బిగించి దూరాల్సి వచ్చింది. లోపల గైడ్ లైట్లన్నీ ఆర్పేసి, ఆ ఎండ ఎలా వస్తుందో ఒక దీపంతో చూపించింది. పసుప్పచ్చ గీత ఒకటి నేలమీద మెల్లగా పాకి మా బూట్ల దగ్గర ఆగింది. నకిలీ ఎండని తెలిసినా ఎవరూ మాట్లాడలేదు.

ఆఖరిది, "ఎముకల్లేవు, కాబట్టి సమాధే కాదు." ఉన్నాయి. కనీసం ఐదుగురివి, కొన్ని కాల్చినవి, కొన్ని కాల్చనివి, వాటితోపాటు పూసలు, ఎముక సూదులు. 1699 నుంచి ఎవరు పడితే వాళ్ళు దూరిన చోట ఆమాత్రం మిగలడమే ఎక్కువ. అందులో ఒక మగమనిషి డీఎన్‌ఏ ఫలితాలు 2020లో వచ్చాయి. అతని తల్లిదండ్రులు తోబుట్టువులో, తల్లీకొడుకులో, తండ్రీకూతుళ్ళో అని తేలింది. అలాంటి సంబంధాలు రాజకుటుంబాల్లోనే చెల్లుతాయి కాబట్టి రాజవంశమే అయ్యుంటుందని కొందరన్నారు, ఒక్క మనిషి ఎముకతో రాజ్యం కట్టేస్తారా అని 2025లో మరికొందరు పండితులు అడ్డం తిరిగారు. ఫార్వర్డ్ చెయ్యాలంటే ఇది చెయ్యి బాబాయ్, గొడవ బాగా జరుగుతుంది.